పనస పలకలకు పట్టించిన నూనె

ఆ రోజుల్లో మా ఇంట్లో నూనెకు చావు ఉండేది కాదు. పూరీలు వేగిన నూనెలో అప్పడాలు, అప్పడాల నూనెలో చేపలు వేగేవి. ఆ పైన కూడా దాన్ని గుడ్డలో వడగట్టి గిన్నెలో దాచేదాన్ని. (మూడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, పొదుపులో మాత్రం పైచదువులు చదివాను.) తొంభైల మాట ఇది. గోపాలపట్నంలో మా పెరటి రేకుల షెడ్డులో మా ఆయన తీరిక దొరికినప్పుడల్లా వడ్రంగం చేసేవాడు. పోర్టు కూలిపనిలో బరువులెత్తే తాడు తెగి కుడిచెయ్యి దెబ్బతిన్నాక మూడు నెలలు ఉలి ముట్టలేదు, నవ్వలేదు, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అప్పుడు వన్‌టౌన్ సాయిబు గారొకరు, కూతురి పెళ్ళిలో మిఠాయిలు పెట్టి వడ్డించడానికి పన్నెండు పనస చెక్క పలకలు కావాలన్నారు. మా ఆయన లేచాడు. నొప్పికి పళ్ళు బిగించి చిత్రిక పట్టాడు. ఈ పని చెడితే ఆ మనిషి మళ్ళీ ఉలి పట్టడని నాకు తెలుసు.

"ఆకర్న పలకలకి కొబ్బరినూనె పట్టించీయే" అన్నాడు. నేను తలకు చుక్క రాసుకునే కొబ్బరినూనె చెక్కకా! దానికేమైనా నాలుకుందా, ముక్కుందా అనుకుని, గిన్నెలోని నూనె పన్నెండింటికీ దిట్టంగా పట్టించాను. అద్దాల్లా మెరిశాయి.

తెల్లారి చూస్తే, రేకుల సందులోంచి దూరిన వీధి పిల్లులన్నీ పలకల మీద పేరంటం పెట్టుకున్నాయి. ఒకటి నాకుతోంది, నాకడం అయిన ఇంకొకటి మూతి కడుక్కుంటోంది. మా ఆయన ఒక పలక ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటే ఇది? సేపల కంపు కొడతంది!"

"పనస సెక్క వాసన అలాగే ఉంటాదేమో" అన్నాను.

"పనసకి ముళ్ళుంటాయని తెలుసుగానీ, పొలుసులుంటాయని ఇయాలే తెలిసింది" అని పలక కింద పెట్టి, మళ్ళీ గోడకేసి తిరిగాడు.

సాయిబు గారు వచ్చేది మర్నాడు సాయంత్రం. వేణ్ణీళ్ళు, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి పన్నెండూ తోమి తోమి ఆరబెట్టాను. వాసన పోయింది గానీ, తడికి చెక్క నూగు లేచి, పలకలు గడ్డం గీయని మొహాల్లా గరుకు తేలాయి. నేను ఏడుపందుకున్నాను (అత్తవారింట నేను పైకి ఏడవడం అదే మొదలు). మా ఆయన వచ్చి ఒక పలక వేలితో రాసి చూశాడు.

"ఏడుపాపు. నూగు లేసింది కదా, ఇప్పుడు ఉప్పుకాయితం పట్టేస్తే మరి లేవదు. అందుకో ఇలాగ."

ఇద్దరం కూర్చుని రుద్దాం. కొత్త కొబ్బరినూనె సీసా మూత నేనే తీశాను, నా రక్తం నేనే పిండుకుంటున్నట్టు.

సాయిబు గారు వచ్చి పలకను అరచేత్తో నిమిరి, "మాషా అల్లా! ఇంత నునుపు ఎలా తెచ్చావు భాయ్?" అన్నారు. మా ఆయన నావంక చూశాడు. "రెండు సార్లు పని సెయ్యాలండి. ముందు పిల్లుల సేత నాకించాల, తర్వాత మనం రుద్దాల" అని, ఆపుకోలేక నవ్వేశాడు. సాయిబు గారికి ఏం అర్థమైందో గానీ, ఆయనా పడీ పడీ నవ్వారు.

మూడు నెలలకు మళ్ళీ విన్నాను ఆ నవ్వు. నేను మాత్రం "సాల్లే ఇకిలింపు, పలకలు మూట కట్టు" అని కసిరాను. అలా కసిరి, ఎవరైనా చూస్తారేమోనని మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్న ఆ ముప్పై ఏళ్ళ గయ్యాళిని తలుచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తుంది.