పండుగప్పలు తగ్గడానికి ఐదో కారణం

మొన్న ఆదివారం పొద్దున ఒక కాలేజీ అమ్మాయి నవాగామ్‌లోని మా గదికి వచ్చి, చిన్నాయన ఇల్లు ఇదేనా అని అడిగి, నా చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్లింది. ఒకప్పుడు తాపీ నదిలో గాలం వేసినవాళ్లను వెతుక్కుంటూ తిరుగుతోందట. సాయంత్రం వచ్చి తీసుకుంటానంది. కాగితమంతా గుజరాతీ. సముద్రం నుంచి నదిలోకి ఎక్కి వచ్చే పెద్దనోటి చేప ఈ మధ్య ఎందుకు తగ్గిపోయింది, మీకు తోచిన కారణాలు రాయండి అని చివర ఒక ప్రశ్న, దాని కింద ఐదు ఖాళీ గీతలు. నాలుగు గీతలే ఉంటే బాగుండేదని నాకు వెంటనే అనిపించింది. కాగితాన్ని నా డైరీలో పెట్టి, డైరీని బియ్యం డబ్బా వెనక దాచాను. చిన్నాయన అప్పటికే చూశాడు.

ఆ చేపను కోస్తా వైపు పండుగప్ప అంటారని తర్వాత ఒక పుస్తకంలో చదివాను. మావాళ్లది నీళ్లు దొరకని ఊరు. కొర్రమట్ట, బొచ్చె, జెల్ల తప్ప వాళ్లకు ఇంకో చేప తెలియదు. చిన్నాయన దాన్ని ‘నోరుగల్లది’ అనేవాడు. వెండి పొలుసు, వంగిన వీపు, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిన నోరు. నీడలో దాని కళ్లు ఎర్రగా మెరిసేవి. సంచిలోంచి తీసి బండ మీద పడేస్తే మా అమ్మ కూడా ఒక అడుగు వెనక్కి వేసేది. చింతపులుసులో ఉడికాక మాత్రం ఎవరూ దాని మొహం గుర్తు చేసుకునేవారు కాదు. తలకాయ చిన్నాయనకు, తోక దగ్గరి ముక్క నాకు. ముళ్లు తక్కువ కాబట్టి పుస్తకం చదువుకుంటూ తినొచ్చని ఆయన లెక్క.

నాన్న పోయాక అమ్మనూ నన్నూ సాకింది చిన్నాయనే. ఖటోదరాలో బట్ట నేసే లూములు నడిపేవాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు ముప్పై అయిదేళ్లకే పోయాయి. ఖాతా అనే ఆ లూముల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు, ఎక్కువగా చేతి సైగలే. రెండు చేతులు తల మీద అడ్డంగా పెడితే మిషన్ ఆపమని. ఆ సైగ చూస్తే ఎందుకని అడక్కూడదు, ముందు ఆపాలి. అవతల ఎవరి వేళ్లు చిక్కుకున్నాయో తెలియదు కదా. ఇంట్లో మేం ఎదురుగా కూర్చుని పెదవులు కదిపితే చాలు, ఆయనకు అర్థమయ్యేది. పొద్దస్తమానం చూసే మా మొహాలు కాబట్టి పట్టుకుంటాడని అనుకునేదాన్ని.

ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని నదికి వెళ్లేవాడు. నదికి అడ్డంగా కట్టిన కాజ్‌వేకు దిగువన సముద్రపు పోటు వచ్చి పోతూ ఉంటుంది. నీళ్లు దిగితే దాన్ని ఓట్ అంటారు, ఎక్కితే భర్తీ. ఓట్‌లో బురద తేలి, నడుమ మడుగులు మిగులుతాయి. చేప ఆ మడుగుల్లో ఉంటుంది. ఓట్ ఎన్ని గంటలకు పూర్తవుతుందో గుజరాతీ క్యాలెండర్‌లో ఉండేది. చిన్నాయనకు ఆ అక్షరాలు రావు, నేను చదివి చెప్పాలి. ఒడ్డున కూర్చుని నీళ్లను కనిపెట్టుకుని ఉండడం నా రెండో పని. నాది పక్క గదికి కూడా వినిపించని సన్న గొంతు.

“నువ్వు కేకేయలేవు, నాకు వినబడదు. మంచి జోడీ దొరికింది,” అని నవ్వేవాడు. అందుకే మా మధ్య ఒక ఏర్పాటు ఉండేది. గాలానికి కొత్త రొయ్య గుచ్చిన ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి నన్ను చూడాలి.

నేను పదో తరగతికి వచ్చేసరికి చేపలు తగ్గాయి. తగ్గేకొద్దీ చిన్నాయన ముందుకు పోసాగాడు. మొదటి మడుగులో లేకపోతే రెండోది, అక్కడా లేకపోతే నది నడిమి రాళ్ల దాకా. ఒకసారి తొడల దాకా బురదలో దిగబడి, వెదురు కర్ర అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు. ఒడ్డుకొచ్చి నవ్వుతూ కాళ్లు కడుక్కున్నాడు. ఆ వారమంతా ఆదివారం రాకూడదనుకున్నాను. వద్దని చెప్పే ధైర్యం లేదు. ఎదురుగా కూర్చుని ఆ మాట అనబోతే పెదవులు బిగుసుకుపోయేవి. కాబట్టి చెప్పకుండా చేయగలిగిన పని చేశాను. తర్వాతి ఆదివారం క్యాలెండర్‌లో పది అని ఉంటే పన్నెండు అని చదివాను.

మేం వెళ్లేసరికి బురద సగం మునిగిపోయి ఉంది. చిన్నాయన ఒడ్డు రాళ్ల మీదే కూర్చుని గాలం వేసి, ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అలా రెండేసి గంటలు కలిపి చదువుతూ నాలుగు ఆదివారాలు.

“ఏందో బిడ్డా, ఒక్కటి గూడ తగుల్తలేదు. గంగలకెల్లి మొత్తమే పోయినయా ఏంది?” అనేవాడు. నేను పుస్తకంలోకి తల దించుకునేదాన్ని.

అయిదో ఆదివారం ఓట్ మళ్లీ పదికే పడింది, మళ్లీ పన్నెండనే చెప్పాను. ఆయన తొమ్మిదింటికే చెప్పులేసుకున్నాడు. “ఇయ్యాల జర ముందే పోదాం. నీళ్లు దిగుతుంటె ఎంబడే దిగుత. గా రాళ్ల కాడ కూసుంటె పన్నెండు దాక ఫికరు లేదు.”

నిజం చెప్పడానికి ఆటోలో అరగంట దొరికింది. చెప్పలేదు. పదికల్లా ఆయన నది నడిమి రాళ్ల మీదికి చేరుకున్నాడు. ఇంకా రెండు గంటలు నీళ్లు దిగుతూనే ఉంటాయని నమ్మినవాడి నడక అది. తీరిగ్గా ఉంది. నేను ఒడ్డున నిలబడ్డాను. ఆయనకూ నాకూ మధ్య ఉన్న కాలవలో ఒక ప్లాస్టిక్ చాయ్ గ్లాసు సముద్రం వైపు పోతోంది. పోతూ పోతూ ఆగింది. చాలాసేపు ఒకే చోట తిరిగింది. తర్వాత నెమ్మదిగా కాజ్‌వే వైపు, వెనక్కి రావడం మొదలుపెట్టింది.

చేతులు తల మీద అడ్డంగా పెట్టాను. చిన్నాయన వీపు నా వైపు ఉంది. రొయ్య మార్చాలంటే ముందున్నదాన్ని చేప తినాలి, తినే చేపలే లేవు. చేతులు దించితే ఆ క్షణంలోనే తిరిగి చూస్తాడేమోనని దించలేదు. భుజాలు లాగుతున్నాయి. కాలవ అంచున ఉన్న నల్ల రాయి మునిగింది, దాని పక్క రాయి మునిగింది. కేక వేద్దామని నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. ఇరవై అడుగుల దూరంలో వల బాగు చేసుకుంటున్న ముసలి కాకా దగ్గరికి పరుగెత్తవచ్చు, కానీ అప్పుడు చేతులు దించాలి. ఈ రోజుకీ నాకు వచ్చే పీడకలలో నీళ్లుండవు, ఆ వీపు ఉంటుంది.

గాలం పైకొచ్చింది. ఖాళీ కొక్కెం చూసుకుని, సంచిలో చెయ్యి పెట్టి, ఆయన వెనక్కి తిరిగాడు.

అడగలేదు. గాలం, సంచి అక్కడే వదిలేసి దిగాడు. కాలవ మధ్యకు వచ్చేసరికి నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి, కాళ్లు తేలిపోతున్నాయి. వల కాకా అప్పటికి చూసి, తాడు విసిరి లాగాడు. చిన్నాయన బురదలో బోర్లా పడి దగ్గుతూ, ఓట్ బారా బజే కదా అని గొణిగితే కాకా తిట్లు మొదలుపెట్టాడు. “ఓట్ తో దస్ బజే థా. బారా కిస్‌నే బోలా తేరే కో?” ఓట్ పదింటికే అయిపోతే పన్నెండని నీకెవరు చెప్పారని. చిన్నాయన ఒక్క క్షణం ఆయన మొహం వంక చూసి, మళ్లీ దగ్గసాగాడు. ఈ మాట ఆయనకు వినిపించలేదు, బతికిపోయాను అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన నన్ను ఓట్ ఎప్పుడని అడగలేదు. నదికీ పోలేదు. ఎవరైనా అడిగితే, “చేపలెక్కడియి, అన్ని పోయినయి,” అనేవాడు. తొమ్మిదేళ్లుగా అదే మాట.

మొన్న ఆదివారం, సాయంత్రం కాకముందే చిన్నాయన డైరీ తెచ్చి నా ముందు పెట్టాడు. “కాయితం తియ్యి బిడ్డా. పాపం ఆ పిల్ల మళ్ల వస్తది.” ఆయన చెప్తుంటే రాశాను. కాజ్‌వే అడ్డమొచ్చి చేప పైకి ఎక్కలేకపోయింది. రంగు కార్ఖానాల నీళ్లు కలిశాయి. సన్నకన్ను వలలతో చేపపిల్లల్ని కూడా ఎత్తేశారు. ఇసుక తోడి మడుగులు చెడగొట్టారు. నాలుగు గీతలు నిండాయి. పెన్ను మూత పెట్టేశాను.

“ఇంకోటి ఉన్నది గద.”

“ఇంక లేవు చిన్నాయనా,” అన్నాను, పెదవులు సరిగ్గా కదపకుండానే.

“పన్నెండు గంటలు. గది రాస్తలేవేంది?”

నా మొహం ఎలా మారిందో తెలియదు. ఆయన మాత్రం నవ్వాడు. “ఖాతల నా పక్క మిషన్లన్ని ఒడియావోళ్లయి, బీహారోళ్లయి. పెదవులు జూసుడు నేను హిందీలనే నేర్చుకున్న బిడ్డా. నీ తెలుగు తర్వాత.”

“మరి మళ్లా ఎందుకు పోలేదు?”

“ఎట్ల పోతనే? చేతులు గట్ల పెట్టుకొని నిలవడ్డవ్. నేను మళ్ల పోతే దించుతవా నువ్వు?”

ఆ అమ్మాయి వచ్చింది. అయిదో గీత ఖాళీగానే ఇచ్చేశాను. ఆమె పట్టించుకోలేదు. భర్తీ ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో క్యాలెండర్‌లో వేస్తారు. నేను చేతులు దించుకోవచ్చని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది, అది ఏ క్యాలెండర్‌లోనూ లేదు.