పొయ్యి ముట్టించడం ఒక్కటే మిగిలింది

టీచరమ్మ పోయిందని మాకు బస్సు కండక్టర్ చెప్పాడు. నిజామాబాద్ నుంచి ఆమె వచ్చే బస్సు మా ఎడపల్లిలో ఆగింది. దిగినవాళ్లలో ఆమె లేదు. "అవ్వా, మీ టీచరమ్మ గుండె ఆగి పోయిందట. మొన్ననే మట్టి చేసిండ్రు" అన్నాడు. పక్కన నా బిడ్డ గంగామణి ఇంకా బస్సు తలుపు వైపే చూస్తోంది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. గంగామణికి నలభై దాటాయి, బుద్ధి మాత్రం చిన్నపిల్ల దగ్గరే ఆగింది. తినిపించడం, తల దువ్వడం, చీర కట్టడం అన్నీ నేనే. అలాంటి మనుషులకు తమ పనులు తాము చేసుకోవడం నేర్పడమే టీచరమ్మ ఉద్యోగం.

వచ్చిన కొత్తలోనే అడిగింది: "నువ్వు పోయినంక గీమెకు ఆకలైతే ఏం జేస్తదవ్వ?"

"నా సావు ముచ్చట నీకెందుకే?" అని ఇంట్లోంచి వెళ్లగొట్టాను. వాకిట్లో కూర్చుని, తర్వాతి బస్సెక్కి వెళ్లిపోయింది. మరుసటి వారం మళ్లీ దిగింది. "తిట్లు ఒడిసినయా, ఇంకా ఉన్నయా అవ్వ?" అంది. ఉన్నాయన్నాను. అవీ విని లోపలికొచ్చింది.

చాయ్‌తో మొదలుపెట్టింది. అంతా తనే కాచి, వడగట్టి, గిలాసలో పోసి, గంగామణి చేత నాకు అందించింది.

"గిదేం చదువు? పనంతా నువ్వు జేసి, గిలాస అందిస్తే సప్పట్లు కొడుతున్నవ్?"

"ఆఖరి పని ఆమెది అవ్వ. మొదలుకాడ నిలవెడితే దారి తెల్వక బెదురుతది. ఆఖరు చేతికిస్తే నేను జేసిన అంటది."

అన్నది కూడా. "నేను జేసిన, నేను జేసిన" అని వాడంతా తిరిగింది.

అందించడం వచ్చాక వడగట్టడం. ఆ తర్వాత శక్కర్ వేయడం. ఒకసారి ఉప్పు వేసింది. నేను డబ్బా లాక్కోబోతే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తాగనియ్యి. నాలికె చెప్తది." తనూ ఒక గుక్క తాగి ముఖం ముడిచింది. గంగామణి ఉమ్మేసి పగలబడి నవ్వింది. ఆ తర్వాత వేలితో రుచి చూడనిదే ఏదీ వేయలేదు. చాయ్‌పత్తి, పాలు, నీళ్లు... ఒక్కొక్కటే వెనక్కి నడిచి పొయ్యి దాకా వచ్చారు. ఎండల్లో కాళ్లు వాచి, చెప్పులు చేత్తో పట్టుకుని కూడా వచ్చింది టీచరమ్మ. కూర్చోమంటే, "కూసుంటే లేవ అవ్వ" అనేది.

టీచరమ్మ ఆఫీసుకు పోయి అడిగాను. కొత్తవాళ్లు వస్తే పంపుతామన్నారు. ఎప్పుడు? నాకు ఓపిక అయిపోయింది. వచ్చేవాళ్లు ఎవరైనా సరే, మళ్లీ గిలాస అందించడం దగ్గర మొదలుపెట్టకండి. పొయ్యి ముట్టించడం ఒక్కటే మిగిలింది.

నిన్న పొద్దున ఆగలేక లైటర్ నేనే చేతికిచ్చాను. "గ్యాస్ తిప్పి, దబ్బున కొట్టు బిడ్డా" అన్నాను. తిప్పింది. చప్పుడవుతుందని భయపడి, కొట్టకుండానే రెండు చెవులూ మూసుకుంది. గ్యాస్ బుస్సుమంది. నేను కట్టేసి కిటికీ తెరిచాను.

ఇద్దరం గడప మీద కూర్చున్నాం. లోపల బిడ్డ పోసిన నీళ్లు గిన్నెలో చల్లగానే ఉన్నాయి. గంగామణి మాటిమాటికీ లోపలికి తల పెట్టి, వాసన పోయిందేమోనని ముక్కు ఎగబీల్చి చూస్తోంది. లైటర్ మాత్రం పిడికిలి వదల్లేదు.