వైశాలి వెతికిన ప్రధాన సంఖ్య

వైశాలి సుబేదార్ దశరథ్‌గారి ఒక్కగానొక్క కూతురు. పుట్టింది శ్రీకాకుళంలో, పెరిగింది ఢిల్లీ కంటోన్మెంటులో. 1997 వేసవిలో ఆమె గణితంలో పరిశోధన చేస్తూ, కల్పన అనే స్నేహితురాలితో కలిసి ఢిల్లీలోనే కటవారియా సరాయ్‌ అనే బస్తీలో ఒక అద్దెగదిలో ఉండేది. ఆ గదిలో సగం చోటు కంప్యూటర్‌దే.

రెండును పద్నాలుగు లక్షలకు పైగా సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అని ఆ యంత్రం తేలుస్తోంది. రాస్తే దానికి నాలుగు లక్షలకు మించి అంకెలు. పద్ధతి మాత్రం చిన్నదే. నాలుగుతో మొదలుపెట్టి వర్గం చెయ్యాలి, రెండు తియ్యాలి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. ఆ శేషాన్ని మళ్లీ వర్గం చెయ్యాలి. ఇలా లక్షలసార్లు చేశాక సున్నా మిగిలితే అది ప్రధాన సంఖ్య. మధ్యలో ఒక్క అంకె తప్పినా అంతా వృథా. యంత్రం వారాల తరబడి నడుస్తూనే ఉంది. వైశాలి రోజూ పొద్దున్నే అప్పటి శేషాన్ని ఫ్లాపీకెక్కించి కల్పన బ్యాగులో వేసేది.

కింది వాటాలో యజమాని మేనల్లుడు బల్బీర్ ఉండేవాడు. వోల్టేజి పడిపోయి కూలర్ తిరగకపోతే పైగది కంప్యూటర్ వల్లేనని తిట్టేవాడు. రెండుసార్లు ఫ్యూజు పీకేశాడు. వైశాలి ఫ్యూజుల పెట్టెకు తాళం వేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను ఇనుప రాడ్డుతో తలుపు పగలగొట్టుకుని వచ్చాడు.

"మషీన్ బంద్ కర్."

"రేపటికి అయిపోతుంది, భయ్యా. ఒక్కరోజు ఆగండి," అంది వైశాలి హిందీలో.

ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. రాడ్డు మొదటి దెబ్బకు మానిటర్ పగిలి గాజు గదంతా చిమ్మింది. రెండో దెబ్బ లెక్క నడుస్తున్న కింది డబ్బా మీద పడబోతుంటే వైశాలి ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. చొక్కా పట్టుకుని లాగిన కల్పనను అతను కడుపులో తన్నాడు. వైశాలి చేతికందిన ఇస్త్రీపెట్టె తీసి అతని మొహం మీద కొట్టింది. పళ్లు రాలాయి. మళ్లీ కొట్టింది. అతను కిందపడి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. అయినా ఇంకోసారి కొట్టింది.

"చాలే, చచ్చిపోతాడే," అంటూ కల్పన ఆమె చెయ్యి పట్టుకుంది. మెట్లమీద జనం నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ లోపలికి రాలేదు.

దశరథ్‌గారు ఆస్పత్రికి వచ్చి, పిండికట్టు వేసిన చేతిని చూశారు.

"డబ్బా కోసం చెయ్యడ్డం పెట్టేస్తావేటమ్మా?"

"పెట్టేటప్పుడు ఆలోచించలేదు నాన్నా."

"పడిపోయినోణ్ణి మళ్లీ ఎందుకు కొట్టావు?"

"ఆగాలని తెలుసు. ఆగాలనిపించలేదు."

ఆయన ఓదార్చలేదు. తలాడించి, పక్కనే కూర్చున్నారు.

మిగిలిన లెక్కను కల్పన తన బ్యాగులోని ఫ్లాపీతో ఆఫీసు కంప్యూటర్‌లో పూర్తిచేయించి వచ్చింది.

"సున్నా రాలేదే."

"అయితే అది ప్రధాన సంఖ్య కాదు."

"మరి దేంతో భాగం పోతుంది?"

"అది ఈ పరీక్ష చెప్పదు. భాగించేవి ఉన్నాయని చెబుతుంది, అంతే," అని వైశాలి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు ఏడ్చింది.

రాజీ చేసుకోమని బస్తీ పెద్దలు ఒత్తిడి చేశారు. ఆమె ఒప్పుకోలేదు. కోర్టులో, అతను పడిపోయాక తను కొట్టిన మూడో దెబ్బ సంగతి కూడా తనే చెప్పింది. ఆమె వకీలు తల పట్టుకున్నాడు. బల్బీర్‌కు జైలు పడింది. ఆమెను జడ్జి మందలించి వదిలేశారు.

తర్వాత స్నేహితురాళ్లిద్దరూ బేర్ సరాయ్‌కి మారారు. వైశాలి మరో సంఖ్య మొదలుపెట్టింది. ఎడమచెయ్యి పూర్తిగా చాపలేకపోయేది. మెట్లమీద బూట్ల చప్పుడైతే, అది పాలవాడిదే అయినా, లేచి తలుపు గడియ చూసుకునేది.