నాకు మాత్రం రాని ఇప్పపూల వాసన

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. సారపాకలో మా వీధిలో ఇది ఇప్పటికే రెండు రకాలుగా తిరుగుతోంది. మా తోడికోడలు రూతుకు అడవి దేవత పూనిందని కొందరు అంటున్నారు. మా ప్రార్థన మందిరంలో అద్భుతం జరిగిందని ఇంకొందరు. రెండు కథల్లోనూ నేనున్నాను. రెండింట్లోనూ నేను అనని మాటలు నా నోట పెట్టారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కాగితం మిల్లు క్యాంటీన్‌లో కాంట్రాక్టు పని నాది. చీకటితోనే దుంగల లారీల పక్క నుంచి నడిచి డ్యూటీకి పోతాను. ఏదీ కనబడలేదు, ఏదీ వినబడలేదు.

నా బడి పదో తరగతితో ఆగింది. చదవడం ఆగలేదు. గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం లైబ్రరీకి పోయి, అక్కడ నేను చదవని అలమర లేదని చెప్పుకోగలను. ఎవరో దానం ఇచ్చిన పాత పుస్తకాల కట్టలో క్రైస్తవ సన్యాసుల, సన్యాసినుల జీవితాలు దొరికాయి. మా సంఘ పెద్ద యాకోబు గారు ఒక పుస్తకం అట్ట చూసి, "గిది ఆర్సీఎం వాళ్లది గదమ్మా, మనకెందుకు" అన్నారు. క్యాథలిక్కులదని ఆయన అభ్యంతరం. అయినా అన్నీ చదివాను.

ఆత్మల వివేచన అంటే ఏమిటో నాకు వాటివల్లే తెలిసింది. ప్రార్థనలో ఏదైనా కనబడితే, వినబడితే వెంటనే నమ్మకూడదు, వెంటనే తోసెయ్యకూడదు. అది పోయాక మనిషిలో ఏం మిగిల్చిందో చూడాలి. గర్వం, భయం మిగిలితే అనుమానించాలి. శాంతి, అణకువ, పక్కవాళ్ల మీద ప్రేమ మిగిలితే ఊరుకోవాలి. అయితే మన దారిలో లేనివాళ్లతో దేవుడు మాట్లాడతాడా అన్న దగ్గర ఆ పుస్తకాలకే ఒకదానితో ఒకదానికి పొసగలేదు.

ఇన్ని చదివి, ఇన్నేళ్లు మోకరించి, ఒక్క గుర్తు కోసం అడిగాను. నాకు ఏదీ రాలేదు.

రూతుకు వచ్చింది. రూతు మా మరిది భార్య. అడవిలో కోయగూడెం ఆమె పుట్టిల్లు. పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. వాక్యం చదవమంటే ఇప్పటికీ కూడబలుక్కుంటుంది. ఆమె మీద నాకు అసూయ. ఇది ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే ఇదీ సాక్ష్యంలో భాగమే. ఆమెకు వచ్చినది నిజం కావాలని కోరుకునే మనుషుల్లో నేను ఆఖరిదాన్ని.

వానాకాలం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. పట్టపగలు. రూతు వంతు వచ్చి ప్రార్థన మొదలుపెట్టింది. కాసేపటికి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మందిరమంతా ఇప్పపూల వాసన అన్నారు.

మా మందిరానికి ఆడవాళ్లు పూలు పెట్టుకుని రారు. అగరవత్తులు వెలిగించరు. ఇప్పచెట్టు పూసేది ఎండాకాలం మొదట్లో. యాకోబు గారు లేచి కిటికీల బయట చూసి వచ్చారు.

"ఎవడో పొద్దుగాలనే ఇప్పసారా ఏసుకొని వచ్చిండు," అని మగవాళ్ల వైపు తిరిగారు. "నోళ్లు తెరువుండ్రి."

వాళ్లు నిజంగానే వరసగా నోళ్లు తెరిచారు. ఆయన వాసన చూశారు. ఎవరూ తాగలేదు.

రూతు పక్కనే కూర్చున్న నాకు తడిసిన చాప వాసన తప్ప ఏదీ రాలేదు. ఆ గదిలో రానిది నాకొక్కదానికే. తరువాతి శుక్రవారాల్లోనూ అంతే. రూతు ప్రార్థిస్తే వాసన వచ్చేది, ఆపితే పోయేది. ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. ఏ లోపమూ లేదన్నాడు. క్యాంటీన్‌లో పప్పు అడుగంటితే అందరికంటే ముందు పసిగట్టేది నేనే.

యాకోబు గారికి భయం పట్టుకుంది. రూతు తల్లి గూడెంలో ఇప్పచెట్టుకు మొక్కుతుంది. కూతురి వెంట అదే వచ్చిందని ఆయన వాదన. రూతు ఇక నోరు తెరిచి ప్రార్థించకూడదన్నారు. పాస్టరు అయ్యగారు తేల్చలేక నా వైపు చూశారు. "ఎస్తేరమ్మ ఇవన్నీ చదివింది. వచ్చే శుక్రవారం ఆమె చెప్పాలె. దేవునిది కాదంటే రూతును ఆపుదాం."

ఆ మాటకు నాలో లేచిన సంతోషం ఎటువంటిదో నాకు తెలుసు. పుస్తకాల లెక్కలో అది మంచి గుర్తు కాదు.

ఆ సాయంత్రం రూతు నీళ్ల కొళాయి దగ్గరికి వచ్చింది. ఇల్లు భాగాలు పంచుకున్నప్పటి నుంచి మాకు మాటలు సరిగా లేవు. ఈ వాసన మొదలయ్యాక మాత్రం నా బిందెలు కూడా తనే నింపి గడపలో పెట్టేది. అదీ నాకు కోపమే.

"అక్కా, దేవునిది కాదంటే నేను రాను," అంది. "కానీ ఏడికి పోవాలె? బాప్తిస్మం అయినంక మా గూడెంల పండుగకు నన్ను చెట్టు కాడికి రానియ్యరు. ఈడ కూడా వద్దంటే నేను మొక్కుకునే జాగ ఏది?"

మరునాడు ఆమెను తీసుకుని గూడెం పోయాను. తీర్పు చెప్పేముందు విచారించాలి కదా. చెట్టు చూశాను. నిండా ఆకులే, ఒక్క పువ్వు లేదు. రూతు తల్లి మాకు మొక్కజొన్న కంకులు కాల్చి పెట్టింది. కూతురితో కోయలో, నాతో తెలుగులో మాట్లాడింది.

"పూలు ఏరే ముందు చెట్టును అడుగుతం బిడ్డా," అంది. "చెట్టు ఏం చెప్పదు. అడుగుడే మా పని."

కాలం కాని కాలంలో ఆ వాసన ఆమెకెప్పుడైనా వచ్చిందా అని అడిగాను.

"మాకు పూసినప్పుడే వస్తది. పూయనప్పుడు సుత వస్తాందంటే, గది మీ దేవునిదే అయ్యుంటది."

మా వాళ్లు అది అడవిది అంటున్నారు. అడవిలో ఉన్నామె అది మాది అంటోంది. తిరుగుదారి అంతా నాకు ఒకటే ఆలోచన. ఎవరిదైతేనేం, రెండువైపులా రూతుకే ఎందుకు?

శుక్రవారం వచ్చింది. కాదు అని చెప్పడానికి నా దగ్గర కారణాలు సిద్ధంగా ఉన్నాయి. పుస్తకాల నుంచి ఏరిపెట్టుకున్నవే. రూతు ప్రార్థించింది. అందరూ ముక్కులు ఎగబీల్చి నా వైపు తిరిగారు. నాకు చాప వాసనే.

లేచి నిలబడ్డాక ఏరిపెట్టుకున్న మాటలు బయటికి రాలేదు. నాకు వాసన రాదని, రానిదాని మీద తీర్పు చెప్పలేనని అన్నాను. అది మిగిల్చినదేమిటో మాత్రం చూశానన్నాను. రూతు ఎక్కడా గొప్పలు పోలేదు. తనతో మాట్లాడని మనిషి బిందెలు నింపింది. కాబట్టి ఆమెను ఆపడానికి నాకు కారణం దొరకలేదని చెప్పి కూర్చున్నాను.

"ముక్కు పనిచెయ్యని మనిషిని జడ్జిని చేసినం," అన్నారు యాకోబు గారు. అందరూ నవ్వారు. అయ్యగారు రూతును ప్రార్థన కొనసాగించమన్నారు.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు.

అక్కణ్ణుంచే పుస్తకం తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి బయలుదేరాను. షేర్ ఆటోలో నా పక్కన కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది. "ఏందక్కా, గీ వానలల్ల ఇప్పపూలు ఏడ దొరికినయ్?" అంది. నా సంచిలో పుస్తకం, గొడుగు తప్ప ఏమీ లేవు. తెరిచి చూపించాను. "పూలా, సారానా?" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరగకుండానే. "బ్రిడ్జి కాడ పోలీసులు ఆపితే నన్ను ఇరికియ్యకు తల్లీ."

వాళ్లిద్దరికీ మా సంఘం తెలియదు, నేనెవరో తెలియదు.

లైబ్రేరియన్ రామాచారి గారు రోజూ రామాలయానికి పోయి నామం పెట్టుకుని వచ్చే మనిషి. పుస్తకం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "అడవి తిరిగొచ్చిందా ఏందమ్మా ఇది?" అన్నారు. నేను పుస్తకం లాక్కుని వాసన చూశాను. పాత కాగితం వాసన.

ఆ తర్వాత రూతు ప్రార్థిస్తే మందిరంలో వాసన రావడం లేదు. నేను ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు వస్తోందట. నాకు ఇప్పటికీ తెలియదు. రూతే చెబుతుంది, మెల్లగా మోచేయి తాకి, "వచ్చిందక్కా" అని. మొదటిసారి అలా చెప్పినప్పుడు ఆమె ముఖంలో అసూయ కోసం వెతికాను. లేదు. ఆ లేకపోవడం చూసి మళ్లీ అసూయపడ్డాను.

ఇది ఏమిటో నేను చెప్పలేను. చదివిన పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. వాసన వచ్చినవాళ్ల గురించి ఉంది. తన దగ్గరున్నది తనకే తెలియని మనిషి గురించి ఎక్కడా లేదు.

ఈ రాత వెనక ఉన్నవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. అడిగిన పుస్తకమల్లా వెతికి ఇచ్చిన రామాచారి గారికి, నన్ను నమ్మిన పాస్టరు ప్రసాదరావు అయ్యగారికి, ఎగతాళి చేసినా చివరికి అడ్డురాని యాకోబు గారికి, కంకులు కాల్చి పెట్టిన రూతు తల్లి ముత్తమ్మకు. పేరు అడగడం మరిచిపోయాను గానీ, ఆటోలో కూరగాయల గంప ఆమెకు.

రూతుకు కూడా. వచ్చినప్పుడు నాకు చెబుతున్నందుకు.