మా నాయన కొట్టిన నలుపు

గుడియాత్తంలో మా పడకగది గోడలు నల్లగా ఉండేవి. మసిబారిన నలుపు కాదు, మా నాయన కావాలని కొట్టిన నలుపు. ఊరందరి ఇళ్లకూ సున్నం కొట్టే మనిషి సొంత ఇంట్లో ఈ పని చేస్తే జనం ఊరుకుంటారా? ఏదో ఒక వంకతో వచ్చి తొంగి చూసి పోయేవాళ్లు. "ఇది పడకటిల్లా, గబ్బిలాల కొంపా?" అని ఒకామె నా మొహం మీదే అడిగింది. నీదే గబ్బిలాల కొంప, పో అన్నాను. నాకప్పుడు పదేళ్లు. నోరు మాత్రం ముప్పై ఏళ్లది.

ఆ నలుపు నాయన వేలూరులో నేర్చుకొచ్చాడు. అక్కడ ఒక దొరసాని, స్వీడన్ దేశం మనిషి, తన పడకగదికి వాన ముందటి మబ్బు కంటే ముదురు రంగు కావాలని పట్టుబట్టింది. బొగ్గుపొడి, నీలిమందు, తుమ్మబంక కలిపి, సున్నం పేరుకు మాత్రం వేసి మూడు పూతలు పూశాడు. లోపల రంగు వేయని చెక్క మంచం, దాని మీద తెల్ల దుప్పటి, కాళ్ల దగ్గర ఉన్ని కంబళి, కిటికీలో రెండు కొవ్వొత్తులు. ఇంకేమీ పెట్టనివ్వలేదట. "వాళ్ల దేశంలో చలికాలం పొద్దే సరిగ్గా పొడవదంటమ్మా. చీకటితో ఎంతని కొట్లాడతారు? దాన్నే ఇంట్లో పెట్టుకున్నారు" అని నాయన చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వలేదు.

అప్పటికి అమ్మ పోయి ఏడాది కాలేదు. చిత్తూరు ఆంధ్రలో కలిసిపోయి, మేం అరవం వైపు మిగిలిపోయిన రోజులవి.

అమ్మ రోజూ పని ముగించి మా పడకగదిలో గోడకు తల ఆనించి కూర్చునేది. తలకు ఆముదం దండిగా పెట్టేది. ఏళ్ల తరబడి ఆని ఆని గోడ మీద అరచెయ్యంత నూనె మరక పడింది. అమ్మ పోయాక పదహారో రోజు లోపల ఆ గదికి సున్నం కొట్టాలంది అవ్వ, అంటే మా నాయన తల్లి. "పోయినోళ్లకు ఇల్లు గుర్తు తెలీకూడదురా. తెలిస్తే తిరిగొస్తారు" అంది. ఉత్త సున్నం నూనెను ఆపదు, మరక నాలుగు రోజుల్లో పైకి వచ్చేస్తుంది. అందుకని నాయన అక్కడ గీకి, కొత్త గార పూసి, ఆపైన సున్నం కొట్టాడు. గోడ తెల్లబడింది. అమ్మ నిజంగా పోయిందని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగొస్తే ఏం? రానీ! ఇల్లు ఆమెది కాదా? అమ్మ సీసాలో ఆముదం మిగిలి ఉంది. తల నిండా పూసుకుని, ఆమె కూర్చున్న చోటే కూర్చుని గోడకు రుద్దాను. మరునాడు అవ్వ చూసి గుండెలు బాదుకుంది. నాయన గీకి మళ్లీ కొట్టాడు. నేను మళ్లీ రుద్దాను.

అప్పుడు అవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "పావం, పోయే దోవ దొరక్క తిరగతా ఉండాది మీయమ్మ. తాగను నీళ్లు గూడా దొరకవు" అంది. నేను అమ్మను ఇంటికి పిలుస్తున్నాననుకున్నాను, దాహంతో చంపుతున్నానా? ఆముదం సీసా తీసుకెళ్లి పెరట్లో ఒంపేశాను. ఇంక గోడ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

ఈలోగా అవ్వ నాయనకు పలమనేరు వైపు ఒక సంబంధం చూసింది. నాయన ఆమె మాటకు ఎదురాడి ఎరగడు. "నీ ఇష్టమమ్మా" అన్నాడు. పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తారని మూడోసారి గీకి సున్నం కొట్టాడు. వాళ్లొచ్చే రోజు పొద్దున నేను చాప పరచడానికి ఆ గదిలోకి వెళ్లాను. మరక ఉంది. నేను చేసిన మరకలు నా ఎత్తుకు తగ్గట్టు జానెడు కిందే పడ్డాయి. ఇది సరిగ్గా అమ్మ తల ఆనే చోట ఉంది.

నేను ముట్టలేదు. దేవుడి తోడు, ముట్టలేదు. చాప అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

వచ్చినవాళ్లు చూశారు. అవ్వ నోరు జారి అంతా చెప్పేసింది. కాఫీ అయినా తాగకుండా లేచారు. అరవ రాజ్యానికి పిల్లనిచ్చేది లేదని తర్వాత కబురు పెట్టారు. "గోడ చూసి బెదిరి రాజ్యం మీద పెడతారా!" అని అవ్వ వారం రోజులు తిట్టింది. నాయన ఆ వారంలోనే గదికి నలుపు కొట్టాడు. నులక మంచం మీద తెల్ల పంచె పరిచాడు, నల్ల కంబళి మడిచి పెట్టాడు, దొరసాని ఇచ్చిన కొవ్వొత్తులు గూట్లో నిలబెట్టాడు. "తెలుపైతే గదా మరక కనపడేది" అన్నాడు. అవ్వకు ఆ మాట నచ్చింది.

ఆ తర్వాత ఏటా పండక్కు ఇల్లంతా సున్నం, ఆ గది మాత్రం నలుపు. ఆ నలుపు కింద అమ్మ ఉందని నాకు తెలుసు. పట్టపగలు కూడా ఆ గోడకు వీపు తిప్పడానికి భయం. భయపడుతూనే వెళ్లి కూర్చుని బడి సంగతులు చెప్పేదాన్ని. కాన్పుకొచ్చినప్పుడు బిడ్డను ఎత్తుకెళ్లి చూపించాను. అవ్వ పోయాక నాయన ఒక్కడే వండుకు తింటుంటే పాపం నాదేననుకున్నాను. పిలిచింది నేను, వచ్చింది ఆమె, బతుకు పోగొట్టుకుంది ఆయన. ఎవరికీ చెప్పలేదు.

నాయన మంచాన పడ్డాక చూసుకోవడానికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తూ, ఇంక ఓర్చుకోలేక అనేశాను.

"నాయనా, ఆ మరక నేను చేసిందే."

"తెలుసులే. నీ తల ఎత్తు నాకు తెలీదా?"

"రెండుసార్లే నాయనా. మూడోది నేను కాదు."

ఆయన గంజి మింగాడు. "మూడోది నేను" అన్నాడు. "పెళ్లి వద్దని మాయమ్మతో చెప్పలేకపోతిని. మీయమ్మ చెప్పినట్టయితే వింటాదని."

నాకు నవ్వొచ్చింది. ఎన్నేళ్ల భయం, ఎన్నేళ్ల పాపం, ఒక్క మాటతో దిగిపోయింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది.

"అయితే అమ్మ ఒక్కసారి గూడా రాలేదా నాయనా?"

"సున్నం కొడితే పోయినోళ్లకు ఇల్లు గుర్తు తెలీదనిరి గదా" అన్నాడు. "నలుపు కొడితేనన్నా వస్తాదేమోనని చూసినానమ్మా. యాడ వచ్చింది!"