తమ్ముడు మసకగా వచ్చిన ఫొటో

పోయిన నెల మా తమ్ముడు యాదగిరి తన చిన్న కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాడు. ఫొటోగ్రాఫరు పెట్టిన లైటు వేడికి పిల్లాడి గుండు మీద గంధం ఎండి పెచ్చులుగా రాలుతోంది. పౌడరు వాసన, చెమట వాసన. అతను చిటికెలు వేస్తూ ‘ఇటు చూడు, ఇటు చూడు’ అంటుంటే పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా పక్కన అంజమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. తిరుమలగిరిలో మా చిన్ననాటి పక్కింటావిడ. ఇప్పుడు పండ్లు లేవు గాని నోరు అట్లాగే ఉంది. అందరికీ వినపడేలా మొదలుపెట్టింది: “గీయన నయం. మా ఊర్ల ఒక పంతులమ్మ ఉండె. డబ్బల రీలే లేకుండ టక్కుటక్కుమనిపిచ్చి అందర్ని మోసం జేసింది.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఈ కథ ఎన్నో శుభకార్యాల్లో విన్నాను, విన్న ప్రతిచోటా కొట్లాడాను. రీలు ఉంది. మోసమంటారా, అదీ ఉంది. కాని అది వీళ్లు చెప్పే మోసం కాదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో సుగుణమ్మ పంతులమ్మ మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉండేది. బడిలో మాకు పాఠాలు చెప్పేది, సాయంత్రాలు అమ్మతో కలిసి బియ్యంలో రాళ్లు ఏరేది. ఇద్దరూ వదినె అంటే వదినె అనుకునేవాళ్లు. రైల్వేలో పనిచేసే వాళ్లన్న ఇచ్చిన డబ్బా కెమెరా ఒకటి ఆమె దగ్గర ఉండేది. దాన్ని కంటికి పెట్టుకోరు, పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి అద్దంలోకి చూడాలి. కాబట్టి ఆమె మనవైపు చూస్తోందో లేదో ఎవరికీ అంతుబట్టేది కాదు. కెమెరా బయటికి రాగానే వాడకట్టులో తల్లులంతా పిల్లల మొహాలు తోమి, కాటుక పెట్టి, పెట్టెలో చీరలు తీసి కట్టుకుని గోడకు బల్లుల్లా నిలబడేవాళ్లు. పంతులమ్మ డబ్బా ముందున్న అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టి టక్కుమనిపించేది. “అయిపోయింది, పోండ్రి” అనేది. వాళ్లు ఊపిరి వదిలి, చెంగులు సర్దుకుని, పిల్లల్ని నాలుగు తిట్టి పనిలో పడగానే చెయ్యి తీసి అసలు ఫొటో దించేది.

ఫొటోలు సూర్యాపేటలో కడిగించుకుని వచ్చిన రోజు అంజమ్మ పెద్దమ్మ చేసిన రాద్ధాంతం నాకింకా గుర్తుంది.

“ఇదేంది పంతులమ్మా? నేను పెండ్లి చీర గట్టుకుంటి, పుస్తెలతాడు పైకేసుకుంటి. దీంట్ల జూస్తే పోరగాని ముక్కు తుడుస్తున్న!”

“తుడువలేదా?”

“తుడుస్త! గది ఎవలన్న దించుతరా? నేను నిలవడ్డదేది?”

నిలబడ్డది లేదు. అందుకే ‘రీలు లేని డబ్బా’ అన్న పేరు పుట్టింది. ఇన్నేళ్లూ దాన్ని పెంచి పోషించింది పెద్దమ్మే. నేనూ ఒకసారి అడిగాను, నిలబడ్డప్పుడే దించితే ఏం పోయిందని. “నిలవడ్డప్పుడు మీరందరు ఒక్క తీరుగనే ఉంటరే, ఎవరెవరో నాకే గుర్తువడ్తలేదు” అంది పంతులమ్మ.

నేను నాలుగో తరగతిలో ఉండగా యాదగిరి పుట్టాడు. అంతటితో నా బడి ఆగిపోయింది. అమ్మ పెసర చేనుకు పోవాలి, నాయిన అంగళ్ల వెంట తిరిగి ఉల్లిగడ్డ, మిరపకాయ అమ్మాలి. మిగిలింది నా చంక. నాకు లెక్కలంటే ప్రాణం. ముందు గదిలో పంతులమ్మ పలకల మీద లెక్కలు దిద్దుతుంటే తమ్ముణ్ని ఎత్తుకుని గడపలో నిలబడి తప్పులు చెప్పేదాన్ని. ఇంకో ఏడాది పోతే ఇక బడికి పంపరని నాకు తెలుసు. మా వాడకట్టులో అట్లా ఆగిన పిల్లలెవరూ మళ్లీ పోలేదు. పంతులమ్మ ఒకరోజు నాయినను అడిగింది.

“సావిత్రిని మల్ల బడికి తోలరాదు అన్నా?”

“వద్దని ఎవలన్నరు పంతులమ్మా? చిన్నోడు జర పెద్దగయినంక పోతది. ఇప్పుడు దానికేం తిప్పలు? తింటాంది, ఆడుకుంటాంది.”

“సరే అన్నా” అని ఆమె లోపలికి పోయింది. అంతే! నాకు ఒళ్లు మండిపోయింది. వెనకే పోయి నిలదీశాను.

“ఒక్క మాటకే ఊకుంటవా? కొట్లాడవా?”

“కొట్లాడితే మీ నాయిన మొఖం మాడ్చుకుంటడు. నేను మీ ఇంట్ల కిరాయికుంటున్న, మర్చినవా?” అంది. పిరికిదని అనుకున్నాను. ఆ నెలంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం పొట్ట దగ్గర డబ్బా పట్టుకుని మా వాకిట్లో తిరుగుతూనే ఉంది.

ఆ రీలు కడిగించుకొచ్చి ఫొటోలన్నీ మా ఇంట్లో చాప మీద పరిచింది. యాదగిరి మేకపిల్ల చెవి పట్టుకున్నది, యాదగిరి జొన్నరొట్టె నాకుతున్నది, యాదగిరి ఏడుస్తున్నది. అన్నింట్లో వాడు నా చంకలోనే ఉన్నాడు. నాయిన ఒక్కొక్కటి తీసి మురిసిపోయాడు. “నా కొడుకు ఎంత ముద్దుగున్నడు!” వాణ్ని ఎత్తుకున్నది ఎవరో ఆయన చూడలేదు. ఫొటోలో గుంజను ఎవరు చూస్తారు! చివరికి ఒకటి తీసి, “ఇది ఖరాబయింది, చిన్నోడు రానే రాలే” అని పక్కన పడేశాడు.

ఆ ఫొటోలో నేను ఎండ పడుతున్న దర్వాజకు ఆనుకుని నిలబడే నిద్రపోతున్నాను. వాడు కదిలాడు కనుక మొహం పొగలా మసకగా వచ్చింది. నేను కదల్లేదు కనుక నోరు తెరుచుకున్న నా మొహం, ఒక పక్కకు ఒరిగిపోయిన నడుము, రేగిన జుట్టు, అన్నీ స్పష్టంగా వచ్చాయి.

అమ్మ చేతి పిండి చీరకు తుడుచుకుని దాన్ని తీసింది. చాలాసేపు చూసింది.

“ఎప్పుడు దించినవ్ ఇది?”

“నువ్వు చేన్ల ఉన్నప్పుడు, వదినె.”

“నా బిడ్డను నేను ఆగం జేస్తున్ననని చూపెడుతున్నవా?”

“నేనేమన్న అన్ననా?”

“అనలే. అంటే నేను రెండు మాటలని ఊకుందు. వచ్చే నెలకు వేరే జాగా చూసుకో పంతులమ్మా.”

వదినె పోయి పంతులమ్మ అయింది. నాయిన సర్దిచెప్పబోయాడు, అమ్మ వినలేదు. పంతులమ్మ కూడా బతిమాలలేదు. నూనె గానుగ వెనక చీకటి గది ఒకటి దొరికితే సామాను మోయించుకుని పోయింది. ఆ ఫొటో అమ్మ ఏం చేసిందో నాకు తెలియదు, మళ్లీ నా కంట పడలేదు.

ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచిన రోజు అమ్మ పాత చీర మడత పెట్టి భుజాన వేసుకుంది, చేనులో చెట్టుకు ఊయల కట్టడానికి. “చిన్నోణ్ని నేను కొంటవోత. నువ్వు బడికి నడువ్” అంది.

“ఎండల పిలగాడు ఆగమైతడే!” అన్నాడు నాయిన.

“నీకు గంత ఫికరుంటే నువ్వు అంగడికి కొంటవో.”

నాయిన తీసుకుపోలేదు. నేను బడికి పోయాను. ఆ తరువాత నల్లగొండ, హైదరాబాదు, కాలేజీ. ఆడపిల్లను చదివించిన మహానుభావుడని మా నాయినకు మా చుట్టాల్లో పేరు. దాని మీద కూడా నేను కొట్లాడుతూనే ఉంటాను. అమ్మకు ఎవరూ ఆ పేరు పెట్టలేదు. ఆమె మాత్రం పంతులమ్మతో మళ్లీ మాట్లాడలేదు. నేను పంతులమ్మ తరగతిలోనే కూర్చుని చదువుకుంటున్నా, ఆమె ఎదురైతే అమ్మ చెంగు సర్దుకుని పక్క దారిన పోయేది.

ఇప్పుడు ఎవరింట్లో పిల్లల ఫొటో చూపించినా నేను ముందు పిల్లను చూడను, పిల్ల కింద ఉన్న చెయ్యి ఎవరిదని అడుగుతాను. చూపించినవాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ. నేను పాఠాలు చెప్పే కాలేజీలో మా ఆడపిల్లలు వల్లెవేసిన జవాబు అప్పజెప్పి ఊపిరి వదిలిన తరువాతే వాళ్లతో మాట్లాడటం మొదలుపెడతాను. ఇవి పంతులమ్మ ఇచ్చినవి. నోరు మూసుకుని పని జరిపించడం కూడా ఇవ్వాలని చూసి ఉంటుంది గాని, అది నాకు అంటలేదు.

చాలా ఏళ్లకు మహబూబ్‌నగర్ బస్టాండులో కనపడింది. జుట్టు తెల్లబడింది, నన్ను చూడగానే గుర్తుపట్టింది. కుశలాలు కూడా అడగకుండా, ఆ ఫొటో నా కోసమే దించావా అని అడిగేశాను. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. “అబ్బ, ఎంత మంచిగచ్చిందే సావిత్రీ, గా ఫొటో!” అంది. ఇంతలో బస్సు కదలబోతుంటే పరుగెత్తి ఎక్కింది.

అది జవాబు కాదు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను: అమ్మ మనసు విరుగుతుందనీ, తన గది పోతుందనీ తెలిసే ఆమె ఆ ఫొటోను చాప మీద పెట్టిందా, లేక బాగా వచ్చిందన్న సంబరంలో అన్నింటితో పాటు పరిచేసిందా?