రెండు పొరల బొచ్చు

ఎనభైల మొదట్లో నేను ఢిల్లీలో నర్సుగా చేరి, కరోల్ బాగ్‌లో ఒక మేడగదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటివాళ్లు, రిటైరైన అంకుల్, ఆంటీ. వాళ్లకో తెల్ల పొమేరియన్ కుక్క ఉండేది. వేసవి మొదలవగానే దాని బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలేది. సోఫా మీదా, పప్పుగిన్నెలోనూ అదే.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి కుక్క మంచం కింద నక్కి ఉంది. ఒంటిమీద వెంట్రుక లేదు. అంకుల్ మంగలిని పిలిపించి మెషీన్‌తో నున్నగా గొరిగించేశారు.

"ఇదేంటి అంకుల్?" అన్నాను.

"దానికి చల్లగా ఉంటుంది, మనకి బొచ్చు గోల వదులుతుంది. పక్కింటివాళ్లు వాళ్ల ఉంగరాల బొచ్చు కుక్కకి కత్తిరించడం లేదూ?"

పదిరోజులకల్లా దాని వీపు ఎండకి కమిలి పుళ్లు పడింది. "తగ్గిపోతుందిలే" అన్నారాయన, పేపర్లోంచి తలెత్తకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. తువ్వాలులో చుట్టి రిక్షాలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నా కుక్కే అనుకుని ఆయన నన్ను తిట్టారు.

"దీనికి రెండు పొరలు బేటీ. లోపలి దూదిలాంటి బొచ్చు వేసవి మొదట్లో రాలుతుంది. దాన్ని దువ్వి తీసెయ్యాలి. పైబొచ్చు ఎండని ఆపుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. ఉంగరాల బొచ్చు అంతగా రాలదు, పెరిగి చిక్కుపడుతుంది. కత్తిరించాల్సింది దాన్ని."

ఆ మాటలే అంకుల్‌కి చెప్పాను. విన్నట్టు తలూపారు. రోజూ మందు రాసింది, బొచ్చు వచ్చాక దువ్వింది నేనే. అయినా వీపుమీద అక్కడక్కడా సరిగా రాలేదు. ఇంటికొచ్చినవాళ్లతో ఆయన, "ఈ సిస్టరే ఏదో పూసి పాడుచేసింది" అని నా ఎదుటే చెప్పారు.

మరుసటి ఏడాది మే నెలలో అంకుల్ పిలిస్తే మళ్లీ మంగలి వచ్చాడు. నేను కుక్కని ఒళ్లో పెట్టుకుని మెట్లమీద కూర్చున్నాను.

"వద్దు భయ్యా. పోయినసారి పుళ్లు పడ్డాయి."

అతను కుక్క వీపు చూసి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

"కుక్క నాది. అద్దెకున్నదానివి నువ్వు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి" అన్నారు అంకుల్.

చేశాను. సామాను కడుతుంటే ఆంటీ కుక్కతో పైకొచ్చి, ఎలా దువ్వాలో చూపించమన్నారు. కుదుళ్ల దగ్గర్నుంచి పాయలు తీసి చూపించాను. ఏడాది క్రితం ఈ మాట ఎందుకు అడగలేదని నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్లలో తడి చూసి, అడక్కుండా దువ్వెన చేతికిచ్చాను. ఆయన మీద కోపం మాత్రం నాకు ఇప్పటికీ చల్లారలేదు.